చక్రయాత్రికులు, పూటకూళ్ళ యిండ్లు

బైసికిలు చరిత్రను వ్రాసినవారిలో పెక్కుమంది యంత్రనిర్మాతలను గూర్చియు, పందెములలో గెలిచిన వీరులను గూర్చియు విస్తరించి వ్రాసిరే కాని, ఆదివారము ఉదయమున పదిమందితో కూడి బయలుదేరి, ఏ 20 మైళ్ళ దూరముననో ఉన్న పల్లెలో భోజనము చేసి, కొంతసేపు చెట్టుక్రింద విశ్రమించి, దీపములు పెట్టువేళకు ఇల్లు చేరుకొనిన సామాన్యులను గూర్చి ముక్తసరిగా ముగించిరి. నా మట్టుకు నాకు వారే ఆ చరిత్రకు ప్రధానపాత్రలుగా తోతురు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇంగ్లండు దేశములో వెలసిన సైకిలు క్లబ్బుల నియమములను, వ్యాజ్యములను, తుదకు వారి రాజకీయములను సైతము ఓపికతో పరిశీలించినచో, అవన్నియు మధ్యాహ్నవేళకు ఎచ్చట దిగుదుము, ఎవరి సరసన కూర్చుండి భుజింతుము అను ప్రశ్న చుట్టునే పరిభ్రమించినవని తెలియగలదు.

ఈ యాత్రలకు మొదటి కారణము తీరిక. బట్టల మిల్లులలో శనివారమునాడు మధ్యాహ్నము 2 గంటలకే పని నిలుపవలెనని 1850 నాటి కర్మాగారముల చట్టము విధించినది. 1871లో బ్యాంకు సెలవుల చట్టము మరికొన్ని విశ్రాంతిదినములను ప్రసాదించినది. రెండవ కారణము విచిత్రమైనది. రైలుమార్గములు వచ్చి గుఱ్ఱపుబండ్ల రాకపోకలను మ్రింగివేయగా, ఒకప్పుడు రాత్రింబవళ్ళు కళకళలాడుచుండిన బాటప్రక్క సత్రములు బోసిపోయి, గుఱ్ఱపుసాలలు శూన్యములై, వంటశాలలలో పొయ్యి రాజుట అరుదై, రాజమార్గములపై గడ్డి మొలచుచున్న దినములలో ఈ క్రొత్త యాత్రికుడు దుమ్ముకొట్టుకొనిన దుస్తులతో, మండుచున్న ఆకలితో ఆ సత్రములవారి గుమ్మము ముందు దిగెను.

1870 జూన్ నెలలో లండను నగరపు హాక్నీ ప్రాంతమున పిక్విక్ బైసికిల్ క్లబ్బు పుట్టినది. ఆ నెలలోనే కీర్తిశేషుడైన చార్లెస్ డికెన్సు సృష్టించిన సంచారశీలి పిక్విక్ పేరును క్లబ్బునకు పెట్టుకొనుటయే కాక, సభ్యులు ఆ నవలలోని పాత్రల నామధేయములను ఒక్కొక్కరు ఒక్కొక్కటిగా ధరించు ఆచారమును కూడ ఏర్పరచుకొనిరి. క్లబ్బు నేటికిని సజీవముగ నున్నది. కాని ఇప్పుడు చక్రముల కన్న విందులవలననే వారికి ప్రసిద్ధి మెండు. ఇందులో నవ్వవలసినదేమియు లేదు, మొదటినుండియు విందు వారి యాత్రలో సగపాలే గదా!

ఆనాటి వాహనము ముందుచక్రము నాలుగైదడుగుల ఎత్తున నుండి, వెనుకచక్రము మిక్కిలి చిన్నదై, గులకరాయి తగిలినంతమాత్రమున ఎక్కినవానిని తలక్రిందుగా పడద్రోయునట్టిది. దారిలో మనుష్యులు అంతకన్న క్రూరులు. పల్లె బాలురు చక్రపు పుల్లల మధ్యకు కఱ్ఱలు దూర్చుటయు, రాళ్ళు రువ్వుటయు సర్వసాధారణము. 1876లో సెయింట్ ఆల్బన్స్ కోచిబండి తోలువాడు ఒక సైకిలిస్టును కొరడాతో కొట్టగా, బండి వెనుకనున్న కావలివాడు త్రాటికి కట్టిన ఇనుపగుండును విసరి అతనిని నేలగూల్చిన ఉదంతము న్యాయస్థానము వరకు పోయినది. ఇట్టి కాలమున ఒంటరిగా పోవుట కన్న గుంపుగా పోవుట క్షేమకరమని తోచుటలో ఆశ్చర్యమేమున్నది? గుంపునకు కట్టుబాటు కావలెను గనుక, సైన్యమును చూచి వారు అనేక మర్యాదలను అనుకరించిరి. ఒకే రంగు దుస్తులు, ముందు నడచు కెప్టెను, వెనుక తోడువచ్చు ఉపకెప్టెను, ఎక్కుటకు దిగుటకు సంకేతముగా బూర ఊదువాడు, ఈ పరివారముతో వారు ఊరూరను ఊరేగుచుండిరి. కెప్టెనును దాటి ఎవ్వరును ముందునకు పోరాదు. బూరల మోత మాట యెట్లున్నను, ఈ కడపటి నియమము మాత్రము అమూల్యమైనది. బలవంతుని వేగముతో గాక బలహీనుని వేగముతో అందరును కదలినగాని పదిమందియు ఒకే పంక్తిని భోజనమునకు కూర్చుండుట పొసగదు.

పంక్తి కుదిరినది; ఇక వడ్డించువారు కుదురవలెను. 1878 ఆగస్టు 5వ తేదీన హారోగేట్ పట్టణములో స్టాన్లీ కాటరెల్ అను వైద్యవిద్యార్థి మొదలగువారు స్థాపించిన బైసికిల్ టూరింగ్ క్లబ్బు, త్రిచక్రవాహనముల వారిని కూడ కలుపుకొనుటకై 1883లో సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్బుగా పేరు మార్చుకొనినది. వీరి దుస్తులు మొదట పచ్చనివి. ఆ రంగుపై రహదారి దుమ్ము స్పష్టముగ కనబడుచుండుటచే బూడిదవన్నెకు మార్చిరి. ఊరూరను ప్రతినిధులను నియమించి, సత్రముల యజమానులతో ధరలు మాట్లాడి, ఒప్పుకొనినవారి గోడలకు రెక్కల చక్రము గుర్తుగల ఫలకమును బిగించిరి. ఆ గుర్తు కనబడినచోట సభ్యునకు నిర్ణయించిన ధరకే భోజనము, పడక లభించును. మలుపులలో, నిట్టవాలు దిగుడులలో హెచ్చరిక పలకలు నాటించినదియు ఇట్టి క్లబ్బులే. 1885లో స్టార్లీ నిర్మించిన రోవర్ బండితో రెండు చక్రములును ఇంచుమించు సమానమగుటయు, 1888లో డన్లప్ గాలి టైరును కల్పించుటయు సంభవించినపిమ్మట స్త్రీలును, నడివయస్కులును నిర్భయముగ ఎక్కసాగిరి; 1899 నాటికి ఈ క్లబ్బు సభ్యుల సంఖ్య 60,000 దాటినది.

లండనునుండి పోర్ట్స్‌మత్ పోవు రాజమార్గమున, 20 మైళ్ళకు పైబడిన దూరములో రిప్లీ అను గ్రామము కలదు. ఉదయము బయలుదేరినవానికి ఆకలి పుట్టుటకు సరిపడు దూరము, సాయంకాలమునకు తిరిగిపోవుటకు మించని దూరము. గ్రామమునకు ఇంతకు మించిన అదృష్టమేమి కావలెను? అచ్చటి యాంకర్ సత్రమును నడపుచుండిన డిబుల్ కుటుంబమున ఆనీ, హారియట్ అను సోదరీమణులు వచ్చిన సైకిలిస్టులనెల్ల పేరుపేరున ఆదరించి, వేడినీళ్ళు కాచి ఇచ్చి, కడుపునిండ వడ్డించి, అతిథుల పుస్తకములో సంతకములు చేయించుకొనుచుండిరి. క్రీడాభిరామములోని ఓరుగంటి పూటకూటింటి వైభవమును చదువుకొనిన మన తెలుగువారికి ఈ పూటకూళ్ళమ్మల ప్రతాపమును వేఱుగ వివరింప నక్కరలేదు. ఆదివారములలో ఆ సత్రపు గోడకు చేర్చిన సైకిళ్ళు వీథి పొడవున నిలిచియుండెడివి. ఎచ్.జి.వెల్స్ 1896లో ప్రకటించిన ‘ది వీల్స్ ఆఫ్ చాన్స్’ నవలలో కథానాయకుడగు బట్టలకొట్టు గుమాస్తా తన సెలవులలో సైకిలెక్కి పట్టినదియు ఈ దారియే. ఆ సోదరీమణుల అనంతరము వారి స్మృత్యర్థము సైకిలిస్టులు ఆ గ్రామపు చర్చిలోనే స్మారకము నెలకొల్పిరి. అన్నము పెట్టిన చేతులకు దేవాలయమున చోటు దొరకుట ఏ దేశమునందైనను అరుదు.

కాని రిప్లీకి కూతవేటు దూరముననున్న ఆకమ్ గ్రామములోని హోబాయ్ హోటలు కథ వేఱు. 1898 అక్టోబరు 27న లేడీ హార్బర్టన్ అను కులీనవనిత అచ్చట దిగి భోజనము కోరెను. పాదముల వరకు జారు లంగా చక్రములో చిక్కుకొని ప్రాణాపాయము కలిగించుననియు, స్త్రీలకు సుఖమైన దుస్తులు కావలెననియు ఏండ్ల తరబడి వాదించి, అందులకై 1881లో ఒక సంఘమునే స్థాపించిన ఆమె, ఆనాడు మోకాళ్ళ క్రింద బిగించు వదులుపాటి షరాయి ధరించియుండెను. సత్రపు యజమానురాలు స్ప్రేగ్ గారు, ఆ వేషముతో మర్యాదస్థుల కాఫీగదిలోనికి రానీయననియు, కావలసినచో పురుషులు పొగత్రాగుచు మద్యము సేవించు ప్రక్కగదిలో వడ్డింతుననియు చెప్పినది. బాటసారికి అన్నపానములు నిరాకరించుట సత్రపువారికి నేరమని ఆంగ్లేయుల ప్రాచీనన్యాయము. పైగా ఆ హోటలునకు రెక్కల చక్రము గుర్తు కూడ ఉన్నది. కావున టూరింగ్ క్లబ్బు వ్యాజ్యము వేసినది. 1899 ఏప్రిల్ మాసమున కింగ్‌స్టన్‌లో జ్యూరీవారు ఆలకించి, భోజనము పెట్టనని ఆమె అనలేదు గదా, గది మార్చినది మాత్రమే గదా అని యజమానురాలిని నిర్దోషిగా విడిచిపుచ్చిరి. న్యాయము ఓడినదో, చట్టము గెలిచినదో చెప్పుట కష్టము. కాని భోజనశాలలో ఎవరిని ఏ గదిలో కూర్చుండబెట్టుదురను దానిలోని అవమానము మన దేశమువారికి తెలియనిది కాదు.

సత్రములవారి దయాదాక్షిణ్యములపై ఆధారపడుట యేల, మన బల్లను మనమే వేసికొందమని తలచినవారు శ్రామికులు. రాబర్ట్ బ్లాచ్‌ఫర్డ్ 1891లో మాంచెస్టరున స్థాపించిన ‘క్లారియన్’ అను సామ్యవాదపత్రిక పాఠకులు కొందరు, టామ్ గ్రూమ్ మొదలగువారు, 1894 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామున కూడి క్లారియన్ సైక్లింగ్ క్లబ్బును నెలకొల్పిరి. మరుసటి యేటి ఈస్టరు సెలవులలో వేర్వేరు ఊళ్ళ క్లబ్బులవారు ఆష్‌బోర్న్‌లో కలిసికొనగా అది జాతీయసంఘమైనది. పత్రికలను, కరపత్రములను సంచులలో నింపుకొని పల్లెలలో పంచుచు, ఎదురుపడిన సహచరుని ‘బూట్స్!’ అని ఒకరు పలుకరించగా, ‘స్పర్స్!’ అని రెండవవారు బదులు పలుకుచు వారు సంచరించిరి. ప్రచారము ఎంత చేసిరో వనవిహారము ఎంత చేసిరో తూచి చెప్పుట అసాధ్యము. రెండింటిని వేఱు చేయనొల్లకపోవుటయే వారి ఆకర్షణ యని నా అభిప్రాయము. ఆంగ్లస్త్రీల ఓటుహక్కు ఉద్యమమున ప్రసిద్ధికెక్కిన పాంఖరస్ట్ సోదరీమణులు క్రిస్టబెల్, సిల్వియాలు తొలిప్రాయమున మాంచెస్టరు క్లారియన్ క్లబ్బుతో ఆదివారములు గడపినవారే. క్రిస్టబెల్‌కు మంచి బండి దొరకినది. సిల్వియాకు మాత్రము గ్యాసు గొట్టములతో ఒక సహచరుడు అతికించిన చౌకబండి ప్రాప్తించుటచే, కొండలెక్కునపుడు అక్క కనుమరుగై పోవుచుండ తాను వెనుకబడి రొప్పుచుండెడిదానినని ఆమె తరువాత వ్రాసికొనినది. కెప్టెనును దాటరాదను పాత నియమము సిల్వియాకు ఎంత ఉపకరించియుండెడిదో!

1897లో మాంచెస్టరు సమీపమున బక్లో హిల్ వద్దను, 1903లో హ్యాండ్‌ఫర్త్ వద్దను క్లారియన్ వారికి సొంత విడిది గృహములు ఏర్పడినవి. పెండిల్ కొండ క్రింద రఫ్లీ చెంత, నెల్సన్ పట్టణపు శ్రామికులు నేతపనివారి సంఘమునుండి అప్పు తెచ్చి 1912లో కట్టుకొనిన క్లారియన్ హౌస్ అట్టివానిలో నేటికిని నడచుచున్నది. ఆదివారములలో మాత్రమే తలుపులు తెరతురు. సభ్యులని, పరులని భేదము లేక, సైకిలుపై వచ్చినవారికిని కాలినడకను వచ్చినవారికిని పెద్ద పింట్ కప్పులలో టీ పోసి ఇత్తురు. తినుబండారములు మాత్రము ఎవరివి వారే మూటగట్టుకొని పోవలెను.