బధిర ఈతగాళ్ల వర్గీకరణ: క్రీడార్హతకూ వైకల్య ధ్రువీకరణకూ నడుమ తేడా – వరంగల్ నేపథ్యంలో పరిశీలన

పోటీ ఈతలో బధిరుల వర్గీకరణకు ఉన్న కొలత ఒక్కటే. రెండు చెవుల్లో మెరుగ్గా వినిపించే చెవిలో వినికిడి నష్టం సగటున 55 డెసిబెల్స్ లేదా అంతకు మించి ఉంటే బధిరుల పోటీలకు అర్హత దక్కుతుంది. అంతకు తక్కువైతే దక్కదు. అర్హత పొందినవారిలో మళ్లీ తరగతులు లేవు. 57 డెసిబెల్స్ నష్టం ఉన్నవారూ, ఏ శబ్దమూ చెవిన పడనివారూ పక్కపక్క లేన్లలోనే ఈదుతారు. భారతదేశంలో వినికిడి వైకల్యాన్ని నిర్ధారించే చట్టపు కొలత దీనికి భిన్నమైనది. ఈ రెండు కొలతలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి, తరగతులు లేని వర్గీకరణ ఏ తర్కం మీద నిలిచింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

పారాలింపిక్స్‌కు వెలుపల

బధిరుల మొదటి అంతర్జాతీయ క్రీడలు 1924 ఆగస్టులో పారిస్‌లో జరిగాయి. యూజీన్ రూబెన్స్-అల్కే చొరవతో జరిగిన ఆ క్రీడల్లో తొమ్మిది దేశాలవారు పాల్గొన్నారు. ఈత అప్పటి నుంచే ఈ క్రీడల్లో భాగం. అదే సమయంలో ఏర్పడిన అంతర్జాతీయ బధిర క్రీడా కమిటీ నేటికీ ఈ క్రీడలను నిర్వహిస్తోంది. 2001లో వీటికి డెఫ్లింపిక్స్ అనే పేరు స్థిరపడింది.

ఈ కమిటీ 1995లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ నుంచి వైదొలగింది. పారాలింపిక్ ఈతలో శారీరక వైకల్యానికి ఎస్1 నుంచి ఎస్10 వరకు, దృష్టి లోపానికి ఎస్11 నుంచి ఎస్13 వరకు, మేధో వైకల్యానికి ఎస్14 తరగతులు ఉన్నాయి. బధిరత్వానికి తరగతి లేదు. వేరే వైకల్యంతో అర్హత పొందిన ఈతగాడికి వినికిడి లోపం కూడా ఉంటే, అతని వివరాల పక్కన 'హెచ్' అనే సంకేతం చేరుస్తారు. ఆరంభంలో అతనికి దీపమో సైగో అవసరమని దాని అర్థం. ఆస్ట్రేలియాలో మాత్రం దేశీయ పోటీల కోసం బధిరులకు ఎస్15 అనే తరగతి ఉంది. భారతదేశంలోనూ రెండు దారులు వేరు: పారా ఈతకు భారత పారాలింపిక్ కమిటీ, బధిరుల క్రీడలకు అఖిల భారత బధిరుల క్రీడా మండలి.

శ్రవణ పరీక్ష

అర్హతకు ఆధారం ఆడియోగ్రామ్. శబ్దం చొరని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ల ద్వారా ఒక్కో చెవికి విడిగా 'బీప్' వినిపిస్తారు. వినపడగానే మీట నొక్కాలి. వినపడిన అతి తక్కువ స్థాయిని గీతల కాగితం మీద గుర్తిస్తారు: కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలి ఇంటూ గుర్తులు. నష్టం పెరిగేకొద్దీ గుర్తులు కాగితంలో కిందికి దిగుతాయి. దీని తర్వాత చెవి వెనక ఎముకకు చిన్న కంపన పరికరం ఆనించి మరోసారి కొలుస్తారు. మధ్య చెవి స్థితిని తెలిపే టింపనోమెట్రీ కూడా జరుపుతారు. మధ్య చెవిలో నీరు చేరడం వంటి తాత్కాలిక సమస్యను శాశ్వత లోపంగా పొరబడకుండా ఇవి కాపాడతాయి.

అంతర్జాతీయ బధిర క్రీడా కమిటీ 500, 1000, 2000 హెర్ట్‌జ్ పౌనఃపున్యాల వద్ద గాలి ద్వారా వినే స్థాయిలను కూడి మూడుతో భాగిస్తుంది. ఆ సగటు మెరుగైన చెవిలో 55 డెసిబెల్స్‌కు చేరాలి. ఒక చెవి పూర్తిగా వినపడకపోయినా రెండోది బాగుంటే అర్హత లేదు.

చట్టపు కొలత

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవారు బధిరులు. 60 నుంచి 70 మధ్య ఉన్నవారు పాక్షిక వినికిడి లోపం గలవారు. 2018 మార్గదర్శకాలు సగటు లెక్కకు 4000 హెర్ట్‌జ్‌ను కూడా చేర్చి నాలుగు పౌనఃపున్యాలను తీసుకున్నాయి. ఆపై ఒక్కో చెవి శాతం కట్టి, మెరుగైన చెవి శాతాన్ని ఐదుతో గుణించి, రెండో చెవి శాతాన్ని కలిపి, ఆరుతో భాగిస్తారు. ధ్రువపత్రం మీద కనిపించేది ఈ తుది శాతమే.

రెండు పద్ధతుల తేడా రెండు ఊహాజనిత ఉదాహరణల్లో స్పష్టమవుతుంది. ఒకరికి రెండు చెవుల్లోనూ అన్ని పౌనఃపున్యాల వద్దా 57 డెసిబెల్స్ నష్టం ఉందనుకుంటే, అంతర్జాతీయ పోటీకి అర్హత ఉంటుంది కానీ చట్టపు నిర్వచనంలోకి రారు. మరొకరికి రెండు చెవుల్లోనూ వరుసగా 30, 45, 75, 90 డెసిబెల్స్ నష్టం ఉందనుకుంటే, నాలుగింటి సగటు 60. చట్టపు హద్దుకు చేరినట్టే. మొదటి మూడింటి సగటు మాత్రం 50. పోటీకి అర్హత లేదు. రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ దాటినవారికి అర్హత విషయంలో చిక్కు దాదాపు రాదు. చిక్కంతా హద్దుకు అటూఇటూ ఉన్నవారికే.

తరగతులు లేకపోవడానికి కారణం

శారీరక వైకల్యం చేతి బారును, కాలి తన్నును నేరుగా తగ్గిస్తుంది. అందుకే ఆ తరగతుల నిర్ధారణకు నీళ్లలో కదలికలను కూడా పరీక్షిస్తారు. వినికిడి నష్టం కండరాల శక్తిని తగ్గించదు. పోటీలో దాని ప్రభావం ప్రధానంగా ఆరంభ సంకేతం దగ్గరే. బధిరుల పోటీలో శ్రవణ యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంట్ బయటి భాగాలు ధరించడం నిషిద్ధం. సంకేతం అందరికీ వెలుగు రూపంలోనే అందుతుంది. కనుక ఎవరికి ఎంత వినపడుతుందన్న తేడాకు ఆ పోటీలో పెద్దగా విలువ మిగలదు. ఒకే తరగతి సమంజసం కావడానికి ఆధారం ఇదే.

వినేవారితో కలిసి ఈదినప్పుడు పరిస్థితి మారుతుంది. మనిషి శబ్దానికి స్పందించే వేగం వెలుగుకు స్పందించే వేగం కన్నా కాస్త ఎక్కువ. ఫలితాలను సెకనులో నూరో వంతు వరకు లెక్కించే క్రీడలో ఆ తేడా చిన్నదేమీ కాదు. అయినా కొందరు అక్కడా నెగ్గుకొచ్చారు. 1977 బుకారెస్ట్ బధిర క్రీడల్లో పది స్వర్ణాలు గెలిచిన అమెరికన్ జెఫ్ ఫ్లోట్, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 4×200 మీటర్ల ఫ్రీస్టైల్ రిలేలో స్వర్ణం సాధించాడు. దక్షిణాఫ్రికాకు చెందిన టెరెన్స్ పార్కిన్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో రజతం అందుకున్నాడు.

దీపం ఎక్కడ ఉంచాలన్నదీ ముఖ్యమే. దిమ్మె మీద వంగి, తల దించుకున్న ఈతగాడి చూపు పరిధిలో అది ఉండాలి. తల ఎత్తి చూడాల్సి వస్తే దూకే భంగిమ చెడుతుంది. నీళ్లలోంచే మొదలయ్యే బ్యాక్‌స్ట్రోక్‌కు దాని చోటు మార్చాలి. ఆరంభం చెల్లదని ఆపాల్సి వస్తే ఈల పనిచేయదు గనుక, లేన్లకు అడ్డంగా తాడు వదిలే పద్ధతి ఉంది.

కొలతకు అందని అంశం

లోపలి చెవిలో వినికిడితో పాటు శరీర సమతౌల్యాన్ని కాపాడే భాగమూ ఉంటుంది. మెనింజైటిస్ వంటి కారణాలతో వినికిడి పోయినప్పుడు అదీ దెబ్బతినవచ్చు. నీటిలో పాదాలకు నేల ఆనదు. కళ్లకు స్పష్టత తక్కువ. సమతౌల్యం లోపించినవారికి మలుపు దగ్గర పల్టీ కొట్టినప్పుడు పైకీ కిందికీ తేడా తెలియకపోవచ్చు. ఒకే డెసిబెల్ సగటు ఉన్న ఇద్దరిలో ఒకరికి ఈ ఇబ్బంది ఉండి, మరొకరికి లేకపోవచ్చు. 55 డెసిబెల్స్ హద్దు దీన్ని పట్టించుకోదు. ఇది ఈ వర్గీకరణకు ఉన్న అసలైన పరిమితి.

వరంగల్ సందర్భం

తెలుగు నేల నుంచి బధిర క్రీడల్లో రాణించినవారు ఉన్నారు. 2022 మేలో బ్రెజిల్‌లోని కషియాస్ దో సుల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ స్వర్ణాలు, కర్నూలు టెన్నిస్ క్రీడాకారిణి షేక్ జఫ్రీన్ మిక్స్‌డ్ డబుల్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి కాంస్యం గెలిచారు. షూటింగ్‌కైనా, టెన్నిస్‌కైనా, ఈతకైనా అర్హతకు అదే 55 డెసిబెల్స్ హద్దు.

వరంగల్ ప్రాంతంలో వినికిడి లోపం ఉన్న కుటుంబాలకు తెలిసిన మాట 'సదరం'. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో మొదలైన ఈ ధ్రువీకరణ పద్ధతి పింఛను, బస్ పాస్, రిజర్వేషన్ వంటి వాటికి ఆధారమైంది. కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి అయిన ఎంజీఎంలో సదరం శిబిరాలు జరిగాయి. ఆ పత్రం మీది శాతం క్రీడార్హతను తేల్చదు. అర్హతను తేల్చేవి ఆ శాతానికి మూలమైన ఆడియోగ్రామ్‌లో 500, 1000, 2000 హెర్ట్‌జ్ దగ్గరి అంకెలు. శాతం తక్కువ వచ్చిందని శిబిరం నుంచి వెనుదిరిగిన పిల్లల్లో కొందరు పోటీ ఈతకు అర్హులై ఉండే అవకాశం ఉంది. అందుకే ధ్రువపత్రంతో పాటు ఆడియోగ్రామ్ ప్రతిని కూడా భద్రపరచడం అవసరం.

రెండో అవసరం ఈత కొలనుకు సంబంధించినది. పల్లెల్లో ఈత ఎక్కువగా వ్యవసాయ బావుల్లో, చెరువుల్లో వస్తుంది. దిమ్మె మీంచి వెలుగు చూసి దూకడం అక్కడ అలవడేది కాదు. 2016 చట్టం 30వ సెక్షన్ క్రీడలన్నింటిలోనూ వివిధ ఇంద్రియాలకు అందే ఏర్పాట్లు ఉండాలని చెబుతోంది. జిల్లా స్థాయి కొలనులో ఆరంభ దీపం ఆ నిబంధన పరిధిలోకే వస్తుంది. బధిరుల పోటీలో ఒకే తరగతి న్యాయంగా ఉండడం దీపం మీదే ఆధారపడి ఉన్నందున, అర్హత పరీక్షనూ ఆరంభ దీపాన్నీ ఒకే ఏర్పాటులో రెండు భాగాలుగా చూడాలి.