ఫోర్డుగారి ఇంగ్లీషు బడి

2021 సెప్టెంబరులో ఫోర్డ్ కంపెనీ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు అదే గోల. ఫిగో ఉన్నవాళ్లకి స్పేర్ పార్టుల దిగులు, లేనివాళ్లకి విశ్లేషణ చేసే ఉత్సాహం. పదేళ్లలో రెండు బిలియన్ డాలర్లకు పైగా నష్టం వచ్చిందని కంపెనీయే చెప్పింది. చెన్నై పక్కన మరైమలై నగర్ ఫ్యాక్టరీలో ఆఖరి కారు 2022లో బయటికొచ్చింది, గుజరాత్‌లోని సాణంద్ ఫ్యాక్టరీని టాటా వాళ్లు కొనుక్కున్నారు. అంతటితో ఇండియాలో ఫోర్డ్ కథ ముగిసిందని చాలామంది రాశారు.

నాకు మాత్రం ఫోర్డ్ అనగానే తార్నాక గుర్తొస్తుంది. తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా క్యాంపస్ వైపు మళ్లితే ఇఫ్లూ వస్తుంది. పాతవాళ్లింకా సీఫెల్ అనే అంటారు. ఇంగ్లీషు, విదేశీ భాషల సెంట్రల్ యూనివర్సిటీ అది. 1958లో భారత ప్రభుత్వం దాన్ని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ అన్న పేరుతో పెట్టినప్పుడు చేయూతనిచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు బ్రిటిష్ కౌన్సిల్. అందులో ఆశ్చర్యమేమీ లేదు, ఇంగ్లీషు వాళ్ల సొంత సరుకు. రెండోది ఫోర్డ్ ఫౌండేషన్. డెట్రాయిట్‌లో కార్లమ్మిన లాభం హైదరాబాద్‌లో ఇంగ్లీషు టీచర్ల ట్రైనింగ్‌కి ఎలా చేరింది? ఈ దారి వెతుక్కుంటూ పోతే నాకు మొదట దొరికింది ఫౌండేషన్ కాదు, ఇంకో బడి.

హెన్రీ ఫోర్డ్ 1908లో మోడల్ టి కారు తెచ్చాడు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ బిగింపు తొంభై మూడు నిమిషాలకు దిగింది. ఇంజినీరింగ్‌లో ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ పేపర్ రాసిన ప్రతివాడికీ ఇక్కడిదాకా తెలుసు. ఆ లైను మీద మనుషులు నిలబడలేకపోయారన్న సంగతి మాత్రం మా టెక్స్ట్‌బుక్‌లో లేదు. పద్నాలుగు వేలమందిని పనిలో నిలబెట్టుకోడానికి ఆ ఒక్క ఏడాదిలో యాభై రెండు వేలమందిని తీసుకోవాల్సి వచ్చింది. పొద్దున చేరినవాడు సాయంత్రానికి ఉంటాడో లేదో తెలీదు. 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు ఐదు డాలర్ల కూలీ ఈ చిక్కుకి మందు. అంతకుముందు ఇచ్చేది సుమారు 2 డాలర్ల 34 సెంట్లు. పని గంటలు కూడా తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించారు.

ఆ ఐదు డాలర్లూ మొత్తం కూలీ కాదు. అందులో దాదాపు సగం ‘లాభంలో వాటా’, దానికి అర్హత సంపాదించుకోవాలి. అర్హుడో కాదో తేల్చడానికి సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్ అని ఒకటి పెట్టారు. దాని ఇన్‌స్పెక్టర్లు కార్మికుల ఇళ్లకు వెళ్లేవాళ్లు. ఇల్లు శుభ్రంగా ఉందా, బ్యాంకులో ఎంత దాచుకున్నాడు, తాగుతాడా, ఇంట్లో అద్దెకు మనుషుల్ని పెట్టుకున్నాడా అని ఆరా తీసేవాళ్లు. మన బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి ముత్తాత అనుకోవచ్చు.

ఆ కార్మికుల్లో సుమారు 70 శాతం అమెరికా బయట పుట్టినవాళ్లు. పోలిష్, రష్యన్, రుమేనియన్, ఇటాలియన్... ఐదు డాలర్ల ప్రకటన వచ్చిన నెలలోనే ఎనిమిది, తొమ్మిది వందలమంది గ్రీకు, రష్యన్ కార్మికులు పనిలోకి రాలేదు. వాళ్ల పాత క్యాలెండర్ ప్రకారం క్రిస్మస్ ఆ రోజు. అందర్నీ పనిలోంచి తీసేశారు. అమెరికాలో బతకదల్చుకున్నవాళ్లు అమెరికన్ పండగలే చేసుకోవాలన్నది కంపెనీ వాదన. అదే ఏడాది ఫోర్డ్ ఇంగ్లిష్ స్కూల్ మొదలైంది.

పాఠాలు పీటర్ రాబర్ట్స్ అనే ఆయన తయారుచేసిన పద్ధతిలో సాగేవి. వ్యాకరణం, అనువాదం ఉండవు. టీచరు వాక్యం చెప్తూ అభినయిస్తాడు, విద్యార్థులు తిరిగి చెప్తారు. పాఠాలు మూడు వరుసలు: ఇంటి పని, ఫ్యాక్టరీ పని, బజారు పని. నిద్ర లేవడం, దీపం వెలిగించడం, బట్టలు తొడుక్కోవడం, ఇలా ఒకదాని వెంట ఒకటి చిన్న చిన్న వాక్యాలు. పాఠం కూడా లైను మీదే నడుస్తున్నట్టు ఉంటుంది. అక్కడ నేర్పే మొదటి వాక్యం ‘నేను మంచి అమెరికన్‌ని’ అని చరిత్రకారులు రాస్తారు.

స్నాతకోత్సవం సంగతి చదివినప్పుడు మొదట కల్పన అనుకున్నాను. స్టేజీ మీద ఓడ బొమ్మ, దాని ముందు పెద్ద గంగాళం. విద్యార్థులు తమ దేశాల దుస్తుల్లో, చేతిలో మూటలతో ఓడ దిగి గంగాళంలోకి దూకుతారు. టీచర్లు పొడుగాటి గరిటెలతో కలుపుతారు. కాసేపటికి అందరూ సూట్లు వేసుకుని, అమెరికా జెండాలు ఊపుకుంటూ బయటికొస్తారు! మెల్టింగ్ పాట్ అన్న మాటని ఇంత అక్షరాలా తీసుకున్నవాళ్లు ఇంకెవరూ ఉండరు. నవ్వొస్తుంది గానీ, నేను చూసిన ఒక కార్పొరేట్ ట్రైనింగ్‌లో ముప్ఫైమంది ఇంజినీర్లు వరసగా నిలబడి ‘షెడ్యూల్’ని ‘స్కెజూల్’ అని పలకడం సాధన చేస్తున్నారు. ఏ గంగాళంలో దూకి బయటికొస్తే ఆ ప్రాజెక్టులో సీటు దొరుకుతుందో వాళ్లకి బాగా తెలుసు. డెట్రాయిట్ పోలిష్ కార్మికుడికీ ఆ లెక్క తెలిసే ఉంటుంది. ఐదు డాలర్లు ఊరికే రావు.

ఇక డబ్బు సంగతి. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఐదు కోట్ల డాలర్లు దాటిన వారసత్వ ఆస్తి మీద పన్నుని 70 శాతానికి పెంచింది. 1936లో ఎడ్సెల్ ఫోర్డ్ 25,000 డాలర్లతో ఫోర్డ్ ఫౌండేషన్ పెట్టాడు. కంపెనీ షేర్లను రెండు రకాలు చేశారు. ఓటు హక్కున్న ఐదు శాతం కుటుంబానికి, ఓటు హక్కు లేనివి ఎక్కువ భాగం ఫౌండేషన్‌కి. 1943లో ఎడ్సెల్, 1947లో హెన్రీ పోయాక, పన్ను తప్పించుకోడానికి కట్టిన గుల్ల ప్రపంచంలోకెల్లా డబ్బున్న దాతృత్వ సంస్థ అయి కూర్చుంది. 1956 జనవరిలో షేరు 64 డాలర్ల 50 సెంట్లకు కోటికి పైగా షేర్లు జనానికి అమ్మింది. 1974కల్లా ఫౌండేషన్ దగ్గర ఫోర్డ్ కంపెనీ షేరు ఒక్కటీ మిగల్లేదు. పేరు మిగిలింది. 1976లో హెన్రీ మనవడు రెండో హెన్రీ ఫోర్డ్, తనని పుట్టించిన పెట్టుబడిదారీ వ్యవస్థని ఈ సంస్థ మరిచిపోయిందని విసుక్కుంటూ ట్రస్టీ పదవి వదిలేశాడు.

1951లో ఫౌండేషన్ ప్రెసిడెంట్‌గా ఉన్నది పాల్ హాఫ్‌మన్. తమాషా ఏంటంటే ఈయన ఫోర్డ్ మనిషి కాదు, పోటీ కంపెనీ స్టూడ్‌బేకర్‌ని నడిపినవాడు. తర్వాత మార్షల్ ప్లాన్ చూసుకున్నాడు. చైనా కమ్యూనిస్టుల చేతికెళ్లిపోయింది, ఇక ఇండియా చేజారకూడదని అమెరికా భయం. 1952లో ఫౌండేషన్ తన మొదటి విదేశీ ఆఫీసు ఢిల్లీలో తెరిచింది. డగ్లస్ ఎన్స్‌మింగర్ 1970 దాకా దాని ప్రతినిధి. సరిగ్గా అప్పుడే ఫోర్డ్ కార్ల కంపెనీ ఇక్కణ్ణుంచి మూట కట్టుకుంటోంది. 1926 నుంచి విడిభాగాలు దింపి బిగించి అమ్ముతోంది. ఊరికే బిగిస్తే కుదరదు, ఇక్కడే తయారుచేయాలని నెహ్రూ ప్రభుత్వం పట్టుబట్టేసరికి 1953-54లో జనరల్ మోటార్స్‌తో పాటు వెళ్లిపోయింది. కార్లు వెళ్లాయి, కార్ల డబ్బు వచ్చింది.

ఆ డబ్బు తెలుగు నేల మీద ఎక్కడెక్కడ దిగిందో చూస్తే మతిపోతుంది. 1960-61లో మొదలైన ‘ప్యాకేజీ ప్రోగ్రాం’కి ఎంచుకున్న మొదటి ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. విత్తనం, ఎరువు, అప్పు, సలహా కలిపి ఒకే కట్టగా ఇచ్చే పథకం. మనం హరిత విప్లవం అనేదానికి రిహార్సల్ అదే. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ రావడం వెనక ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లున్నాయి. వీటి మీద చాలా రాశారు, వ్యవసాయం తెలిసినవాళ్లే ఇంకా రాయాలి. భాష సంగతే ఎవరూ పట్టించుకోలేదనిపిస్తుంది.

ఎందుకంటే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ వచ్చిన చోటు మామూలు చోటు కాదు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టిందే ఇంగ్లీషులో కాదు, ఉర్దూలో చదువు చెప్పడానికి. దానికి ఒక ఏడాది ముందే అనువాద సంస్థ పెట్టి ఫిజిక్స్, మెడిసిన్, ఇంజినీరింగ్ పుస్తకాలన్నీ ఉర్దూలోకి తేవడం మొదలుపెట్టారు. పారిభాషిక పదాలు వేలకొద్దీ పుట్టించారు. ఒక భారతీయ భాషలో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చదివి ఇంజినీర్లయిన వాళ్లు ఈ క్యాంపస్ నుంచే వచ్చారు. నేను ఆ సబ్జెక్టుని ఇంగ్లీషులో బట్టీపట్టి పాసయ్యాను కాబట్టి ఆ ఊహే నాకు అబ్బురంగా ఉంటుంది. 1948 పోలీసు చర్య తర్వాత ఆ ప్రయోగం ఆగిపోయింది, ఇంగ్లీషు వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి దేశం మొత్తానికి ఇంగ్లీషు టీచర్లని తయారుచేసే సంస్థ అక్కడికే వచ్చింది.

అలాగని ఉర్దూ ఉస్మానియా గురించి నేను కన్నీళ్లు పెట్టుకోను. హైదరాబాద్ రాష్ట్రంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. వాళ్ల భాషకి ఆ యూనివర్సిటీలో దక్కింది బోధనా మాధ్యమం హోదా కాదు, ఒక సబ్జెక్టు హోదా. పాలమూరు రైతు కొడుక్కి ఉర్దూ ఎంత పరాయిదో ఇంగ్లీషూ అంతే. ఎవరి మాతృభాష అన్న ప్రశ్న వేయకుండా మాతృభాషలో చదువు గురించి మాట్లాడటం మనకి అలవాటు.

ఇన్‌స్టిట్యూట్ తొలి ఏళ్లలో నడిపింది స్ట్రక్చరల్ పద్ధతి. వాక్య నిర్మాణాలని తేలిక నుంచి కష్టానికి వరస పెట్టి, ఒక్కోటీ నోటికొచ్చేదాకా చెప్పించడం. టీచరు చేతిలో పెన్ను పట్టుకుని ‘దిస్ ఈజ్ ఎ పెన్’ అంటాడు, క్లాసంతా అంటుంది. మన అమ్మానాన్నల తరం సర్కారు బడుల్లో విన్నది ఇదే. చూడగానే హైలాండ్ పార్క్ గుర్తొస్తుంది గానీ ఇది ఫోర్డ్ స్కూలు వారసత్వం కాదు. దీని వేళ్లు హెరాల్డ్ పామర్ టోక్యోలో, మైకేల్ వెస్ట్ ఢాకాలో చేసిన పనిలో ఉన్నాయి. రాబర్ట్స్ తన పద్ధతిని గువాఁ అనే ఫ్రెంచ్ ఆయన దగ్గర తీసుకున్నాడు. వేరువేరు దారులే, కానీ పోయిందొకే ఊరికి. భాషని విడిభాగాలుగా విప్పి, అతి తక్కువ శిక్షణ ఉన్న టీచరుతో అతి ఎక్కువమందికి బిగించడం ఎలా అన్నదే రెండు చోట్లా ప్రశ్న. లక్షలమంది పిల్లలు, కొద్దిమంది టీచర్లు ఉన్న దేశంలో ఇంకేం చేస్తారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అరవై మంది ఉన్న క్లాసుకి పాఠం చెప్పినవాళ్లు ఆ పద్ధతిని ఎగతాళి చేయరు.

ఫోర్డ్ డబ్బు అంటే సీఐఏ డబ్బు అని మన లెఫ్ట్ మిత్రులు దశాబ్దాలుగా అంటున్నారు. 2015లో ఢిల్లీ ప్రభుత్వం వేరే కారణాలతో అదే సంస్థని నిఘా జాబితాలో పెట్టింది. అనుమానానికి ఆధారం లేకపోలేదు, కోల్డ్‌వార్ లెక్కలు లేకుండా ఆ ఢిల్లీ ఆఫీసు తెరిచేవాళ్లే కాదు. కానీ డబ్బు ఎవరిదన్న ప్రశ్న ఇంగ్లీషు ఎవరికి దక్కిందన్న ప్రశ్నని మింగేసింది. ఆ క్యాంపస్‌లోనే పొలిటికల్ సైన్స్ చెప్పిన కంచ ఐలయ్య అడుగుతూ వచ్చింది ఈ రెండో ప్రశ్న. తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపి, దళిత బహుజనుల పిల్లలకి మాతృభాష గొప్పతనం బోధించేవాళ్లతో ఆయన పోట్లాట. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. అప్పుడు మన సాహిత్య సమూహాల్లో జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. తెలుగు చచ్చిపోతుందన్న వాళ్లలో పిల్లల్ని తెలుగు మీడియంలో చదివిస్తున్నవాళ్లు ఎంతమందో అడగాలనిపించింది. అడగలేదు, ఎందుకంటే మా అమ్మాయిదీ ఇంగ్లీషు మీడియమే.

ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌గా 1959లో వచ్చిన ఆయన పేరు వినాయక కృష్ణ గోకాక్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఇంగ్లీషు ప్రొఫెసరు, కన్నడ కవి. తర్వాత 1990లో జ్ఞానపీఠం వచ్చింది. తార్నాకలో కొన్నేళ్లు ఇంగ్లీషు టీచర్లని తయారుచేసి బెంగళూరు వెళ్లిపోయాడు. 1980లో కర్ణాటక ప్రభుత్వం బడుల్లో ఏ భాష మొదటిదిగా ఉండాలో తేల్చమని ఆయన అధ్యక్షతన కమిటీ వేసింది. హైస్కూల్లో కన్నడమే మొదటి భాష కావాలని 1981లో గోకాక్ నివేదిక ఇచ్చాడు. ప్రభుత్వం నాన్చితే జనం రోడ్డెక్కారు, సినిమా హీరో రాజ్‌కుమార్ ముందు నడిచాడు. కన్నడ ఉద్యమ చరిత్రలో దాని పేరే గోకాక్ ఉద్యమం.