సోరియాసిస్: చరిత్ర, గుర్తింపు

సోరియాసిస్ చర్మమును, గోళ్ళను, ఒక్కొక్కప్పుడు కీళ్ళను బాధించు దీర్ఘవ్యాధి. ఇది అంటువ్యాధి కాదు. సాధారణముగా ఇంచుమించు నెలదినములలో అడుగుపొర నుండి పైకి వచ్చి రాలిపోవలసిన చర్మకణములు, శరీరరక్షణకై యున్న తెల్లకణములు దారితప్పి పంపు సంకేతముల వలన, నాలుగైదు దినములలోనే పైకి తోసికొనివచ్చి, రాలుటకు వ్యవధి చాలక ఒకదానిపై నొకటి పేరుకొని వెండిచాయ గల పొలుసులుగా కనబడును. కారణము కొంత వంశానుగతము. అయినను ఆ జన్యువు లున్న వారందఱికి వ్యాధి రాదు. గొంతువాపు, చర్మమునకు తగిలిన గాయము, మనోవ్యథ, కొన్ని మందులు దానిని మేల్కొలుపును. భట్టిప్రోలు, రేపల్లె, తెనాలి ప్రాంతములలో పట్టణవైద్యుడు చెప్పిన పిదప దీనిని సోరియాసిస్ అనియే పిలుతురు. అంతవఱకు పొలుసు రాలు ప్రతి మచ్చయు తామరగానో, ఎలర్జీగానో, పైకి చెప్పని భయముగా కుష్ఠుగానో ఎంచబడుచుండును. ఈ వ్యాధి చరిత్ర యంతయు ఇట్టి పొరపాటుల చరిత్రయే యనవచ్చును.

చరకసంహిత కుష్ఠములను పదునెనిమిదిగా విభజించి, ఏడింటిని మహాకుష్ఠము లనియు, పదునొకండింటిని క్షుద్రకుష్ఠము లనియు చెప్పినది. ఈ రెండవ తెగలో చెమట పట్టక విస్తారముగా వ్యాపించి చేపపొలుసును బోలు ఏకకుష్ఠమును, నల్లబడి గరుకుదేఱిన కిటిభమును నేటి ఆయుర్వేదవైద్యులు సోరియాసిస్‌తో పోల్చుచున్నారు. పోలిక సమంజసమే. కాని ప్రాచీనులు రూపమును బట్టి పేరు పెట్టిరి గాన, ఒక్క పేరు క్రింద రెండు మూడు వ్యాధులు ఇమిడియుండుట సహజము.

క్రీస్తుపూర్వమే భట్టిప్రోలున బౌద్ధము వేళ్ళూనియుండెననుటకు, 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించిన మహాస్తూపమున బయల్పడిన, లిపి చెక్కిన ధాతుకరండములే సాక్ష్యము. ఆ మతమునకు సంబంధించిన పాలి వినయపిటకమున, మహావగ్గమునందు, సంఘమున చేరవచ్చువానిని ఐదు వ్యాధులను గుఱించి ప్రశ్నించి, అవి యున్నచో చేర్చుకొనరాదను నియమము కలదు. అందు కుష్ఠము, గండము, కిలాసము అను మూడును చర్మముపై కనబడునవే. మగధలో ఆ రోగములు ప్రబలినప్పుడు, వైద్యుడైన జీవకుని చికిత్స లభించునను నాశతో జనులు భిక్షువు లగుచుండగా, ఆ భారము మోయలేక జీవకుడు బుద్ధునికి విన్నవింపగా ఈ నిషేధ మేర్పడెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. కారణము వైద్యుని శ్రమయే యైనను, మచ్చ గలవానికి మాత్రము ద్వారము మూసికొనిపోయినది.

పాశ్చాత్యదేశములందును ఇదే గందరగోళము. మొదటి శతాబ్దిలో సెల్సస్ వర్ణించిన ఒక వ్యాధి సోరియాసిస్‌ను పోలియున్నది. రెండవ శతాబ్దిలో గాలెన్ ఈ పేరును వాడినది మాత్రము, బహుశః, నేడు ఎగ్జిమా యనబడు దానికి. 1798 మొదలు 1808 వఱకు భాగములుగా వెలువడిన చర్మవ్యాధి గ్రంథమున లండన్ వైద్యుడు రాబర్ట్ విల్లన్ దీని రూపమును నిశితముగా వర్ణించెను గాని, కుష్ఠును తలపించు నామమును వదలలేదు. 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా ఆ సంబంధమును త్రెంచివైచెను. 1873లో నార్వే దేశీయుడు హాన్సెన్ కుష్ఠుక్రిమిని కనుగొనిన పిదప శాస్త్రదృష్టిలో సందేహమునకు తావు లేకపోయినది. పల్లె దృష్టిలో అది తొలగుటకు మఱి నూఱేండ్లును చాలలేదు. మనదేశమున 1955లో జాతీయ కుష్ఠునియంత్రణ కార్యక్రమ మారంభమైనప్పటి నుండి ఊరూర తిరిగిన కార్యకర్తలు మచ్చపై దూదితోనో, కలముమొనతోనో తాకి స్పర్శ తెలియుచున్నదా యని పరీక్షించుచుండిరి. సోరియాసిస్ మచ్చలో స్పర్శ పోదు. కుష్ఠు మచ్చలో తఱచుగా పోవును. ఇంత సులభమైన పరీక్ష యుండియు పెండ్లిసంబంధములు చెడిపోయిన కుటుంబము లీ మండలమున లేకపోలేదు.

ఎలర్జీతో కలుగు భ్రమ ఇంతకంటె సూక్ష్మము. 1895లో జడాసన్ అను జర్మన్ వైద్యుడు, అనుమానాస్పదమైన పదార్థమును చర్మముపై అతికించి ప్రతిక్రియను చూచు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1906లో వియన్నా వైద్యుడు పిర్కే ‘ఎలర్జీ’ యను మాటను సృష్టించెను. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఇట్టి పదార్థములకు కొదువ లేదు. గట్లపైనను, బీళ్ళలోను పెరుగు వయ్యారిభామ, తాపీపనివారి చేతులకంటు సిమెంటులోని క్రోమియము, తలకు వేయు నల్లరంగు, బొట్టుబిళ్ళ జిగురు, వేటపాలెము ప్రాంతమున జీడిపిక్కలు కొట్టువారి వ్రేళ్ళకు తగులు జీడినూనె, పూర్వము చాకలివారు బట్టలపై గుర్తుపెట్టిన నల్లజీడి రసము: వీనిలో ఏది తగిలినను, పడనివారికి ఒకటి రెండు దినములలో చర్మ మెఱ్ఱబడి, నీటిపొక్కులు లేచి, రసి కారి, దుస్సహమైన దురద కలుగును. పదార్థమునకు దూరమైనచో కొన్ని వారములలో నయమగును. మచ్చ యెక్కడ లేచినదో చూచిన, ఏది తగిలినదో తఱచుగా తెలిసిపోవును. దద్దుర్లు మఱియు క్షణికములు. ఒక్కొక్క దద్దు ఇరువదినాలుగు గంటలలోపల మాయమై మఱొకచోట లేచును.

సోరియాసిస్ నడక వేఱు. మోచేతులు, మోకాళ్ళు, తల, నడుము క్రిందిభాగము దానికి ప్రియస్థానములు. మచ్చ అంచు స్పష్టము. కుడి యెడమల ఇంచుమించు సమానము. పొలుసును గీకిన సూదిమొన లంతటి రక్తబిందువులు పొడమును. గోళ్ళపై చిన్నగుంటలు పడును. ఏండ్ల తరబడి తగ్గుచు హెచ్చుచుండును. పాఠ్యగ్రంథములందలి యెఱుపు మన నల్లని, చామనచాయ చర్మములపై ఊదాగానో ముదురుగోధుమగానో కనబడుట వలన అనుభవము లేనివారు పొరబడుదురు. అఱచేతులలో ఈ రెండు వ్యాధులును ఒకే తీరున పగుళ్ళు తెచ్చుటచే, నిపుణులు సైతము ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింపవలసివచ్చును. 1872లో బ్రెస్లావు నగరమున కోబ్నర్ అను వైద్యుడు, గుఱ్ఱము కఱచిన చోటను, పచ్చబొట్టు పొడిపించుకొనిన చోటను రోగికి క్రొత్త మచ్చలు లేచుట గమనించెను. సున్నిపిండితో గట్టిగా రుద్ది పొలుసు పోగొట్టుకొనజూచువారికి కలుగు చేటు దీనివలననే.

చికిత్సాచరిత్రలోను పొరపాటే మేలు చేసిన ఘట్టములు కలవు. బ్రెజిల్ వృక్షమునుండి తీయబడి పోర్చుగీసువారి ద్వారమున మనదేశమునకు వచ్చిన ‘గోవా చూర్ణము’ తామరకు వాడుకలో నుండెను. తామర యనుకొని దానిని పూసికొనిన యొక రోగికి సోరియాసిస్ తగ్గుట చూచి, 1876లో లండన్ వైద్యుడు బాల్మన్నో స్క్వైర్ దానిని ఈ వ్యాధికి ప్రవేశపెట్టెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ చూర్ణము దొరకనందున దాని బదులు జర్మనీలో డిత్రనాల్ పుట్టినది. 1925లో అమెరికాలో గోకెర్మన్ తారును, అతినీలలోహిత కిరణములను జోడించెను. పొలమున ఎండ తగిలినవారికి మచ్చ తగ్గుటయు, ధనుర్మాసపు చలిగాలికి పగులుటయు మన రైతు లెఱిగినదే. బొల్లికి మనవారు అనాదిగా వాడిన బావంచాలలోని సోరలిన్ జాతి పదార్థమును లోనికిచ్చి, అతినీలలోహిత కిరణములు తగిలించు చికిత్సను 1974లో హార్వర్డున పారిష్, ఫిట్జ్‌పాట్రిక్, భారతీయుడైన మధు పాఠక్ మొదలగువారు ప్రకటించిరి.

అన్నిటికంటె తెలుగువారికి దగ్గఱిది యెల్లాప్రగడ సుబ్బారావు కథ. 1895లో భీమవరమున జన్మించి, 1923లో అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకుడైన ఆయన నేతృత్వమున ఫోలిక్ ఆమ్లమును, పిదప దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను రసాయనికులు తయారుచేసిరి. ఆయన 1948లో మరణించెను. 1951లో గబ్నర్ అను వైద్యుడు కీళ్ళవాతమునకు అమినోప్టెరిన్ ఇచ్చుచు, సోరియాసిస్ మచ్చలు కరగిపోవుట గమనించెను. 1958 నాటికి మెథోట్రెక్సేట్ ఈ వ్యాధికి మందైనది. నేడు తెనాలిలోనో గుంటూరులోనో వైద్యుడు వారమున కొకమారు మెథోట్రెక్సేటును, తక్కిన దినములలో ఫోలిక్ ఆమ్లమును వ్రాసియిచ్చినప్పుడు, ఆ రెండు బిళ్ళలును ఒకే తెలుగువాని ప్రయోగశాల నుండి వచ్చినవని రోగి యెఱుగడు. వారపు మందును పొరపాటున దినదినము మ్రింగుట ప్రాణాంతకము. గర్భిణులకు అది నిషిద్ధము. వాడువారు కాలేయమును, రక్తమును పరీక్షించుకొనుచుండవలెను.

స్టెరాయిడు పూతలు వైద్యుని పర్యవేక్షణలో ఉపకరించును. మందులకొట్టులో అడిగి తెచ్చుకొనిన మిశ్రమపు పూతయు, ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు పొడుచు స్టెరాయిడు సూదియు మాత్రము మొదట అద్భుతముగా పనిచేసి, మానిన వెంటనే వ్యాధిని ఒళ్ళంతయు ఎగదన్నించును. కొందఱికి చీముపొక్కులు లేచి ఆసుపత్రి పాలగుట తటస్థించును. రోగనిరోధకసంకేతములను ఎంచి అడ్డగించు జీవ ఔషధములు ఇటీవలివి. బెంగళూరు బయోకాన్ సంస్థవారి ఇటోలిజుమాబ్ 2013లో మనదేశమున అనుమతి పొందినది. వీని వెల సామాన్యునికి భారము. 2014లో ప్రపంచ ఆరోగ్యసభ ఈ వ్యాధిని గుఱించి ప్రత్యేక తీర్మానము చేసినది.

వంకాయ, గోంగూర, ఎండుచేపలు మానవలెనను పథ్యము మన పల్లెలలో దాదాపు శాసనము. అవి ఈ వ్యాధిని కలిగించునని నిరూపణ లేదు. మద్యము, పొగాకు, స్థూలకాయము మాత్రము దానిని హెచ్చించును. చిత్రమేమనగా పథ్యమును నిష్ఠగా పాటించువారే చుట్టను మానరు. స్నానానంతరము తడి ఆఱకమునుపే కొబ్బరినూనెయో, వాసెలినో రాచుట చవకైన ఉపశమనము. వ్రేళ్ళు వాచి, ఉదయమున కీళ్ళు బిగిసినట్లు తోచినచో మచ్చలు స్వల్పములని ఉపేక్షింపక వెంటనే వైద్యునికి చెప్పవలెను. ఆలస్యమైనచో వంకరబోయిన కీలు తిరిగి చక్కబడదు.