యూ2 (సంగీత బృందం)

యూ2 ఐర్లాండు రాజధాని డబ్లిన్‌కు చెందిన సుప్రసిద్ధ రాక్ సంగీత బృందం. పాఠశాల విద్యార్థులు 1976లో దీనిని స్థాపించారు. బోనో (గాయకుడు, అసలు పేరు పాల్ హ్యూసన్), ది ఎడ్జ్ (గిటారు, అసలు పేరు డేవిడ్ ఎవాన్స్), ఆడమ్ క్లేటన్ (బేస్ గిటారు), లారీ ముల్లెన్ జూనియర్ (డ్రమ్ములు) ఇందలి సభ్యులు. యూ2 పేరుతో తొలి ఆల్బమ్ చేసిన ఈ నలుగురే నేటికీ కొనసాగుతుండడం బృందం విశిష్టత.

ఆవిర్భావం

1976లో 14 ఏళ్ళ ముల్లెన్, తాను చదువుతున్న మౌంట్ టెంపుల్ పాఠశాల నోటీసు బోర్డుపై వాద్యకారులు కావలెనని ప్రకటన ఉంచాడు. సెప్టెంబరు 25న ఔత్సాహికులు అతని ఇంటి వంటగదిలో సమావేశమయ్యారు. అప్పటికి వారి నైపుణ్యం అంతంతమాత్రమే. బృందం పేరు మొదట "ఫీడ్‌బ్యాక్", తరువాత "ది హైప్". 1978లో ఎడ్జ్ అన్న డిక్ వైదొలగగా, మిగిలిన నలుగురు "యూ2" పేరు స్వీకరించారు. ఆ ఏడాది మార్చిలో లిమరిక్ నగరంలో జరిగిన పోటీలో 500 పౌండ్ల బహుమతి గెలుచుకున్నారు. అదే సంవత్సరం పాల్ మెక్‌గిన్నెస్ మేనేజరుగా చేరి 2013 వరకు కొనసాగాడు. 1980లో ఐలాండ్ రికార్డ్స్ సంస్థ ద్వారా తొలి ఆల్బమ్ "బాయ్" విడుదలైనది.

ప్రపంచ ఖ్యాతి

"వార్" (1983) బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందినది. 1985 జూలై 13న లండనులోని వెంబ్లీ మైదానంలో జరిగిన "లైవ్ ఎయిడ్" కచేరీలో బోనో వేదిక దిగి ప్రేక్షకుల మధ్యకు వెళ్ళడంతో సమయం మించిపోయి, అనుకున్న మూడో పాట పాడలేకపోయారు. అది వైఫల్యమని సభ్యులు భావించినా, టీవీలో చూసినవారికి ఆ దృశ్యమే గుర్తుండిపోయినది. "ది జాషువా ట్రీ" (1987) అమెరికాలోనూ ప్రథమ స్థానం పొంది, ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం అందుకున్నది.

సంక్షోభాలు, ఐక్యత

1980వ దశకం తొలినాళ్ళలో క్రైస్తవ విశ్వాసానికి, రాక్ జీవితానికి పొంతన కుదరక ఎడ్జ్ బృందాన్ని వీడాలనుకున్నాడు. 1990లో బెర్లిన్‌లో రికార్డింగు చేయుచుండగా సంగీత ధోరణిపై విభేదాలు తలెత్తి బృందం చీలిపోయే స్థితికి వచ్చినది. అక్కడే రూపుదిద్దుకున్న "వన్" పాట వారిని తిరిగి కలిపినది. ఆ ఆల్బమ్ "అక్టుంగ్ బేబీ" 1991లో విడుదలై ఘనవిజయం సాధించినది. పాటల ఆదాయాన్ని సమానంగా పంచుకోవడం ఈ ఐక్యతకు ఒక ముఖ్య కారణంగా చెప్పబడుతున్నది.

తదుపరి విశేషాలు

2005లో బృందం రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చబడినది. మొత్తం 22 గ్రామీ పురస్కారాలు పొందినది. 2009-11 నాటి "360 డిగ్రీల" యాత్రకు 70 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడుపోయాయి. 2019లో ఎ.ఆర్. రెహమాన్‌తో కలిసి "అహింస" గీతాన్ని విడుదల చేసి, డిసెంబరు 15న ముంబైలో భారతదేశపు తొలి కచేరీ నిర్వహించారు. 2023లో లాస్ వేగాస్‌లోని స్ఫియర్ భవనాన్ని వీరి కచేరీలతోనే ప్రారంభించారు. శస్త్రచికిత్స కారణంగా ముల్లెన్ వాటిలో పాల్గొనలేదు.