గంగాజలంతో ఓడ ప్రయాణం

మా అమ్మ ఓడ ఎక్కబోతోంది. డెబ్భై మూడేళ్ళ జీవితంలో ఆమెకిదే మొదటిసారి. సియాటిల్‌లో బయలుదేరి, అలాస్కా తీరం వెంట మంచు కొండలనూ హిమానీనదాలనూ చూపించి, వారానికి తిరిగి అక్కడే దింపే విహారనౌక. టికెట్లు నాలుగు నెలల క్రితమే కొన్నాము. సర్దుకోవడం మాత్రం పది రోజులుగా సాగుతూనే ఉంది. హాలులో మూడు పెట్టెలు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. ఒకదానిలో ఉన్ని దుస్తులు, ఒకదానిలో మందులూ కాగితాలూ, మూడోదానిలో జంతికలు, కారప్పూస, కందిపొడి, సున్నుండలు. ఓడలో రోజంతా భోజనం పెడుతూనే ఉంటారని ఎన్నిసార్లు చెప్పినా ఆ మూడో పెట్టె బరువు పెరగడమే కాని తగ్గడం లేదు.

ఓడవారు పంపిన నిషేధాల జాబితాను అమ్మకు తెలుగులో చదివి వినిపించాను. ఇస్త్రీపెట్టె కూడదు, విద్యుత్తు పొయ్యి కూడదు, కొవ్వొత్తి కూడదు. అంటే దీపం కూడదన్నమాట. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్ళి దేవుడి గూట్లోంచి గంగ చెంబు తెచ్చింది. కాశీ నుంచి తెచ్చుకున్న, మూత కదలకుండా సీలు వేసిన, నిమ్మకాయంత రాగి చెంబు. మన ఇళ్ళలో చాలామందికి పరిచయమైనదే.

"ఇదైనా పట్టుకెళ్ళనిస్తారా?" అంది.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండవలసింది. "సముద్రం దాటడమంటే ఊరికే అనుకున్నావా నువ్వు?" అని చెంబును చీర కొంగుతో తుడిచి మళ్ళీ గూట్లో పెట్టేసింది.

అప్పుడు గుర్తుకు వచ్చింది నాకు జయపూరు మహారాజు సంగతి. ఆ పట్టణానికి వెళ్ళినవారు సిటీ ప్యాలెస్‌లో రెండు వెండి కాగులను చూసే ఉంటారు. మనిషి భుజాల ఎత్తు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 345 కిలోల బరువు, ఒక్కొక్కదానిలో నాలుగు వేల లీటర్ల నీరు పడుతుంది. ఒక్కో కాగుకు పధ్నాలుగు వేల వెండి నాణాలు కరిగించారని, ఎక్కడా అతుకు వేయలేదని చెబుతారు. ప్రపంచంలోకెల్లా పెద్ద వెండి పాత్రలుగా గిన్నిస్ పుస్తకానికి కూడా ఎక్కాయి. ఇవి ఒక ఓడ ప్రయాణపు సామాను!

1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి రమ్మని సవాయి మాధోసింగుకు పిలుపు వచ్చింది. రాకపోతే చక్రవర్తికి కోపం, వెళ్తే ధర్మానికి భంగం. మహారాజు నిష్ఠాపరుడు. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం సామంతరాజుకైనా సామాన్యుడికైనా ఒకటే. ఆయన పండితులను కూర్చోబెట్టి ఉపాయం అడిగాడు. ఓడనే ఒక పవిత్రక్షేత్రంగా మార్చితే సరి అన్నది వారు తేల్చిన మార్గం. అందుకు ఎన్నడూ గోమాంసం వండని ఓడ కావాలి. అలాంటిది దొరకాలంటే కొత్తదే అయి ఉండాలి. థామస్ కుక్ సంస్థ ద్వారా ఒలింపియా అనే కొత్త ఓడను మొత్తంగా అద్దెకు తీసుకున్నారు. ఇష్టదైవమైన గోపాలజీకి ఓడలోనే మందిరం ఏర్పాటయింది. పరివారం నూటపాతికమంది దాకా. తాగడానికీ వంటకూ పూజకూ గంగాజలం కావాలి గనుక ఆ వెండి కాగులు. అప్పుడు మూడు తీసుకువెళ్ళారని, ఎర్రసముద్రంలో తుఫాను రేగితే ఒకదాన్ని సముద్రుడికి సమర్పించారని ఒక కథ ఉంది. కథే కావచ్చు. బొంబాయి రేవులో కదిలేముందు మాత్రం సముద్రపూజ చేసి బంగారం, వెండి, పట్టు నీటిలో వదిలారు.

ఇంత సన్నాహం చేసుకుని లండను చేరితే, జూన్ 26న జరగవలసిన పట్టాభిషేకం రెండు రోజుల ముందు వాయిదా పడింది. రాజుగారికి కడుపులో శస్త్రచికిత్స. చివరికి ఆగస్టు 9న జరిగింది. ఆ కాగులలోని నీళ్ళను ఎంత పొదుపుగా వాడుకున్నారో అని నాకు ఇప్పటికీ ఆలోచన వస్తుంది.

ఈ భయం ఎక్కడిది? బౌధాయన ధర్మసూత్రంలో కులం నుంచి పతనం చేసే పనుల్లో మొదట చెప్పింది సముద్రయానమే. దానికి ప్రాయశ్చిత్తం మూడేళ్ళు. నాలుగు పూటలకు ఒకసారి మితంగా తినడం, రోజుకు మూడు స్నానాలు, పగలు నిలబడి రాత్రి కూర్చుని గడపడం. తరువాతి కాలపు కలివర్జ్యాల జాబితాలలోనూ సముద్రయానం చేరింది. ఇక్కడొక చమత్కారం ఉంది. అదే బౌధాయనుడు దక్షిణాదివారి వింత ఆచారాలు కొన్ని, ఉత్తరాదివారివి కొన్ని చెప్పాడు. సముద్రం మీద వెళ్ళడం ఉత్తరాదివారి లెక్కలోకి వచ్చింది. దక్షిణాదివారి లెక్కలో ఏమున్నాయంటే, మేనరికం చేసుకోవడం, చద్దన్నం తినడం! ఈ రెండూ మనం ఏనాడూ మానలేదు. మనకు చెందని తప్పును మాత్రం పట్టుకుని వేలాడాము.

నిజానికి మనవాళ్ళు సముద్రానికి కొత్తవారా? శాతవాహన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు తెరచాప స్తంభాల ఓడ ఉంది. మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నాననీ అందులో చెప్పుకున్నాడు. ఓడ ఎక్కేవాడి భయం ఎరిగిన ప్రభువు ఆయన. ఆ భయం కులానిది కాదు, ప్రాణానిదీ ధనానిదీ. శాస్త్రం ఒకటి చెబుతూ ఉంటే రేవుపట్టణం తన పని తాను చేసుకుపోయింది. ఏ నిషేధమూ అందరి మీదా ఒకే బరువుతో పడదు. పల్లెకారి నెత్తిన పడనిది పురోహితుడి నెత్తిన పడుతుంది.

గాంధీగారి మీద పడింది. 1888లో పంతొమ్మిదేళ్ళయినా నిండకుండా ఇంగ్లండు బయలుదేరినప్పుడు బొంబాయిలో మోఢ్ బనియా కులపెద్దలు సభ పెట్టి వెలివేశారు. ఆయనకు సాయపడినా, వీడ్కోలు చెప్పడానికి రేవుకు వెళ్ళినా రూపాయి నాలుగణాల జరిమానా. ఇంత గండం గడిచి సెప్టెంబరు 4న ఓడ ఎక్కినవాడు ఏం సర్దుకున్నాడో ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పండ్లూ. ముళ్ళు, కత్తులు వాడటం చేతకాక, ఏ పదార్థంలో ఏముందో అడగడానికి సిగ్గుపడి, చాలావరకు గదిలోనే కూర్చుని వాటితో గడిపాడు. ఓడలో నల్లకోటు వేసుకుని, తెల్ల ఫ్లానెలు దుస్తులు ప్రత్యేకంగా దిగే రోజుకని దాచుకున్నాడు. తీరా దిగితే సెప్టెంబరు చివరి చలిలో ఆ రేవంతటికీ తెల్లబట్టల మనిషి ఆయనొక్కడే. సర్దుకోవడంలో పొరపాటు చేయని మహాత్ముడు లేడు. 1891లో తిరిగి రాగానే అన్నగారు నాసిక్ తీసుకువెళ్ళి పుణ్యనదిలో స్నానం చేయించారు, రాజకోటలో కులభోజనం పెట్టారు.

సరిగ్గా ఆ 1891 జనవరిలోనే జర్మనీలోని కుక్స్‌హావెన్ నుంచి ఆగస్టా విక్టోరియా అనే ఓడ 241 మంది ప్రయాణికులతో మధ్యధరా సముద్రానికి బయలుదేరింది. చలికాలంలో అట్లాంటిక్ దాటేవారు తక్కువై పెద్ద ఓడలు రేవులో ఊరకే పడి ఉంటున్నాయని, వాటిని కేవలం విహారానికి తిప్పుదామని ఆల్బర్ట్ బాలిన్ వేసిన పథకమది. ఎక్కడికో చేరడానికి కాక ఊరికే తిరిగి రావడానికి ఓడ ఎక్కడం అప్పటికి వింత. ఇప్పుడు మా ఇంట్లో తెరుచుకున్న మూడు పెట్టెలకూ మూలపురుషుడు ఆయన అనుకోవచ్చు.

ఇదంతా ఆ రాత్రి అమ్మకు చెప్పాను. వెండి కాగుల దగ్గర బాగా ఊ కొట్టింది. అంతా విని, "మా పెదనాన్నగారికి కాగులేవీ లేవు" అంది.

ఆ పెదనాన్నగారు రంగం వెళ్ళారని మాత్రమే నాకు ఇంతవరకు తెలుసు. రంగూనును మనవాళ్ళు రంగం అనేవారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వేలమంది రేవులో కూలికి, బియ్యపు మిల్లుల్లో పనికి అక్కడికి పోయేవారు. కోరంగి రేవు పేరుతోనే బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలు అన్నారు. ఈయన కూలి కాదు, ఏదో కొట్టులో గుమాస్తా. కాకినాడలో ఓడ ఎక్కేటప్పుడు ఆయన సామాను ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, అటుకులు, బెల్లం, మరచెంబు నిండా నీళ్ళు. ఓడలో వండినది ముట్టకుండా మూడు నాలుగు రోజులూ డెక్కు మీద అటుకులతోనే గడిపారట. అయినా రెండేళ్ళకు సెలవు మీద వచ్చినప్పుడు ఇంట్లోకి రానివ్వలేదు. ప్రాయశ్చిత్తానికి ముహూర్తం కుదిరేవరకు పదకొండు రోజులు వీధి అరుగు మీదే విస్తరి వేశారు. వడ్డించినది ఆయన తల్లి. పైనుంచి, తగలకుండా.

"నేను పుట్టక ముందు మాట. మా నాయనమ్మ చెప్పేది. ఆ పదకొండు రోజులూ ఆవిడ కూడా సరిగా తినలేదట" అంది అమ్మ.

1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకని లక్షలమంది అడవులూ కొండలూ పట్టి ఇండియాకు నడిచారు. దారిలో పోయినవారికి లెక్క లేదు. పెదనాన్నగారు 1942 ఎండాకాలంలో ఊరు చేరారు. ట్రంకుపెట్టె లేదు, పరుపు లేదు. మరచెంబు మాత్రం చేతిలో ఉంది. ఈసారి ఆయన సముద్రం దాటి రాలేదు, నేల మీదే వచ్చారు కనుక ప్రాయశ్చిత్తం అవసరమా కాదా అని ఎవరో ప్రశ్న లేవదీశారట. ఆ తల్లి సమాధానం చెప్పలేదు. కొడుకును చెయ్యి పట్టుకుని నడవలోంచి నేరుగా వంటింట్లోకి తీసుకువెళ్ళి పీట వేసింది.

మా ప్రయాణానికి ప్రాయశ్చిత్తం లేదు కాని పత్రాలు ఉన్నాయి. అమెరికాలో 1886లో చేసిన ఒక చట్టం ప్రకారం విదేశీ ఓడలు ఆ దేశపు రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పకూడదు. నేటి విహారనౌకలు దాదాపు అన్నీ విదేశీ జెండాలవే కాబట్టి, సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళివచ్చే ఓడ మధ్యలో ఒకసారి కెనడా రేవును తాకాలి. మాది ఒక సాయంత్రం కొద్ది గంటలు విక్టోరియాలో ఆగుతుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్న అమ్మకు ఆ కొద్ది గంటల కోసం కెనడా వీసా తీసుకున్నాము. వేలిముద్రలు ఇచ్చి వచ్చిన రోజున, "నేను దిగనని చెప్పినా ఒప్పుకోరా?" అని అడిగింది. ఒప్పుకోరు. నియమం నియమమే.

రేపు పొద్దున్నే బయలుదేరాలి. ఇందాక పడుకునే ముందు మూడో పెట్టె మూత పడేటట్టు చేద్దామని కూర్చున్నాను. కారప్పూస డబ్బా తీసి బయట పెడితే అమ్మ చూసి మళ్ళీ లోపల పెట్టింది. గంగ చెంబు గూట్లో లేదు. ఆమె చేతిసంచి తెరిచి చూస్తే, పాత పట్టు జాకెట్టు గుడ్డలో చుట్టి, పాస్‌పోర్టు పక్కన ఉంది.