ఒంటరిగా శిఖరానికి

పటమటలో కాపురముంటున్న మనకు కొండ అంటే ఇంద్రకీలాద్రే. మెట్లెక్కి అమ్మవారి దర్శనం చేసుకుని, ఆయాసపడుతూ దిగివస్తే గొప్పగా చెప్పుకుంటాం. చుట్టూ కాలువలూ వరిచేలూ ఉన్న డెల్టా వాళ్ళం. మంచుకొండల సంగతి మనకేం తెలుసు! అయినా ఈ నలభై ఏళ్ళలో మన తెలుగు పిల్లలు ఆ కొండలూ ఎక్కారు. వారిలో ఒకరు ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లల తల్లులం గనుక ఆ చరిత్ర మనం తెలుసుకోవాలి.

హిమాలయాల్లో అన్నీ ఎవరెస్టులు కావు. 1978లో నేపాల్ 18 శిఖరాలకు ‘ట్రెక్కింగ్ శిఖరాలు’ అని పేరు పెట్టి, చిన్న చిన్న జట్లు కూడా సులువుగా అనుమతి తీసుకుని ఎక్కే ఏర్పాటు చేసింది. పేరు విని ఉత్త నడకే అనుకునేరు! వాటిలో ఒకటైన ఐలండ్ పీక్ ఎత్తు 6,160 మీటర్లు. 1953లో టెన్సింగ్ మొదలైనవారు ఎవరెస్టుకు ముందు సాధనగా ఎక్కింది దాన్నే. బూట్లకు ఇనుపముళ్ళు కట్టుకోవాలి, తాళ్ళు పట్టుకుని పాకాలి.

మన వంటింటి లెక్కలో చెబుతాను. 5,500 మీటర్ల ఎత్తున గాలి మన ఊళ్ళో ఉన్నదాంట్లో సగమే. నీళ్ళు 82 డిగ్రీల దగ్గరే తెర్లిపోతాయి. తెర్లుతాయే గాని కందిపప్పు ఉడకదు, కుక్కరు ఉండాల్సిందే. తాగే ప్రతి గుక్కా మంచు కరిగించుకున్నదే. ఇద్దరుంటే ఒకరు గుడారం వేస్తారు, ఒకరు స్టవ్ వెలిగిస్తారు. ఒంటరివాడికి రెండు పనులూ తనవే. ఎత్తువల్ల వచ్చే జబ్బు తలనొప్పితో, వాంతులతో మొదలవుతుంది. ముదిరితే తన సంగతి తనకే తెలియదు. “ఇక దిగిపోదాం పద” అనే మనిషి పక్కన ఉండడు గదా!

విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు ఉంది. అక్కడ చదువుకున్న లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో సైన్యం వారి జట్టుతో ఎవరెస్టుకు వెళ్ళి మరణించాడు. ఆ జట్టులో మొత్తం అయిదుగురు పోయారు. తర్వాత అదే బడిలో, నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఆ కథ విన్నాడు. విని భయపడకపోగా, తానూ కొండలెక్కాలనుకున్నాడు! అతడే మల్లి మస్తాన్ బాబు. ఇంజనీరింగు, కలకత్తా ఐ.ఐ.ఎం. చదువు ముగించి, 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. తమాషా ఏమిటంటే ఏడూ ఏడు వేర్వేరు వారాల్లో! ఎవరెస్టు ఆదివారం, అలాస్కాలోని డెనాలి సోమవారం.

2015 మార్చి 24న దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో, ట్రెస్ క్రూసెస్ శిఖరానికి ఒక్కడే బయల్దేరాడు. వాతావరణం చెడింది. కబురు ఆగిపోయింది. స్నేహితులూ ఇంటివారూ గోల పెట్టగా చిలీ, అర్జెంటీనా వాళ్ళు హెలికాప్టర్లతో వెదికారు. ఏప్రిల్ మొదటివారంలో దేహం దొరికింది. అప్పటికి అతని వయస్సు 40. ఆ నెలాఖరుకు గాని సొంత ఊరికి చేరలేదు.

“ఒక్కడే ఎందుకెళ్ళాలి?” అని మనం తేలిగ్గా అనేస్తాం. అతన్ని నిర్లక్ష్యపు మనిషి అనడం నాకు న్యాయంగా తోచదు. అంత అనుభవం ఉన్నవాళ్ళు ఎందరున్నారు? రెండో మనిషి ఉన్నంతమాత్రాన గాలివాన ఆగేదీ కాదు. కబురైనా ముందుగా చేరేదేమో.

అంతకు ముందు ఏడు, అంటే 2014 మే 25న, నిజామాబాదు జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి 14 ఏళ్ళు ఇంకా నిండనే లేదు! నేపాల్ వైపు 16 ఏళ్ళ నిబంధన ఉండడంతో టిబెట్ వైపు నుంచి తీసుకెళ్ళారు. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ తోడున్నాడు. భువనగిరి బండమీదా, డార్జిలింగులోనూ నెలల తరబడి శిక్షణ అయ్యాకే ఆ ప్రయాణం. 2022 జూన్‌లో డెనాలితో పూర్ణ కూడా ఏడు శిఖరాలూ పూర్తిచేసింది.

రేపు మీ అమ్మాయి వచ్చి “అమ్మా, నేనూ వెళతాను, నా ఏర్పాట్లు నేనే చూసుకుంటాను” అనవచ్చు. వద్దనే ముందు రెండు మాటలు అడగండి. శిఖరం చేరినా చేరకపోయినా ఏ రోజు వెనక్కి తిరుగుతావు? ఆ రోజు కబురు రాకపోతే నేను ఎవరికి ఫోను చెయ్యాలి? ఆ తేదీ, ఆ నంబరు దాని చేతే రాయించి ఫోను పక్కన గోడకు అంటించుకోండి.