ఎదకు మూలం ఎక్కడ?

బర్రె అరుపు వింటూనే "ఎదకొచ్చింది" అంటాడు కొడకండ్ల రైతు. ఆ ఎదకు కారణమైన అండాశయపు హార్మోనును 1923లో అమెరికాలో ఆలెన్, డాయిజీ గుర్తించారు. కాని అది పనిచేసేదెక్కడ? జననాంగాల్లోనా, మెదడులోనా?

బ్రిటిష్ శాస్త్రజ్ఞులు హారిస్, మైకేల్ అండాశయాలు తీసేసిన ఆడపిల్లుల మెదడు అడుగున, హైపోథాలమస్‌లో, ఈస్ట్రోజెన్ వంటి మందును అతి కొద్దిగా వుంచి చూశారు. పిల్లులు మగవాటిని రానిచ్చాయి. విచిత్రమేమంటే, వాటి గర్భాశయం మాత్రం ఎద లేని స్థితిలోనే వున్నది! 1964లో యీ ఫలితాలు వెలువడ్డాయి. ఎలుకల్లోనైతే ఈస్ట్రోజెన్ అక్కడి కణాల్లో ప్రొజెస్టెరోన్‌ను అందుకొనే గ్రాహకాలను పెంచుతుందనీ, రెండూ కలిస్తేనే ఎద నిండుగా వస్తుందనీ తర్వాత తేలింది.

దీన్ని పట్టుకొని స్త్రీని గ్రంథులకు బానిసను చేసే పెద్దమనుషులు లేకపోలేదు. ఎద లేనప్పుడు ఆడపిల్లి మగదాన్ని తరిమేస్తుంది; స్త్రీ కోరికకు అటువంటి గడువు లేదు. దాని వెనుక మనసూ, బతుకూ, సంఘమూ వున్నాయి.

అయినా హార్మోను లెక్కలేనిది కాదు. "పిల్లలు పుట్టినంక ఆ సంచి ఎందుకు?" అనే మాట మన పల్లెల్లో ఎంత తేలిక! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3 మందైతే, తెలంగాణలో దాదాపు 8 మంది. ఆ కోతలో అండాశయాలు కూడా పోతే, మెదడుకు అందే హార్మోనుకు కూడా గండి పడుతుంది. ఆ సంగతి కోతకు ముందు ఆమెకు చెప్పేదెవరు?